ఊరికే కూర్చున్న రాణి

నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదురు సందులో ఒక ఫొటో స్టూడియో ఉంది. అక్కడ చనిపోయినవాళ్ళకు కొత్త బట్టలు తొడుగుతారు. కంప్యూటర్లోనే లెండి. ఆధార్ కార్డు మీది ముఖమో, రేషన్ కార్డు మీది ముఖమో పట్టుకెళితే చాలు, మిగతా మనిషంతా వాళ్ళ దగ్గర తయారుగా ఉంటుంది. మగవాళ్ళకు సూటూ టై, ఆడవాళ్ళకు కంచిపట్టు చీర, మెడ నిండా హారాలు. వెనక ఎర్ర పరదా కావాలా, జలపాతం కావాలా అన్నది మన ఇష్టం.

"మొకం మీది, బాడీ మాది మేడం," అన్నాడు స్టూడియో ఆయన, కాస్తయినా నవ్వకుండా.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. మా ఊరు అయిజ పక్కన. అక్కడ ఏడాది పొడుగునా ఎలా గడిపినా, సంవత్సరీకం నాడు మాత్రం పోయినవాళ్ళ బొమ్మ పెద్దది అద్దం కట్టించి గోడకెక్కించాల్సిందే. అద్దం మీద, సరిగ్గా నుదురు ఉన్నచోట, కుంకుమ బొట్టు పెడతారు. దండ వేస్తారు. ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి ముందర పెట్టి, వచ్చి తిని పొమ్మని పిలుస్తారు. పిలవాలంటే ముఖం ఉండాలి. ఆ ముఖమే నా దగ్గర లేదు.

ఇందులో తమాషా ఏమిటంటే నేను నాగర్‌కర్నూల్‌లోనే డ్రాయింగ్ టీచర్ని. బళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, పిల్లలకూ తోటి టీచర్లకూ కూడా బొమ్మల మేడమ్‌నే. నిద్రలో లేపి వేయమన్నా వనపర్తి సంస్థానం రాజుల బొమ్మలు మీసాలతో సహా వేసేస్తాను. అలాంటిదాన్ని, కన్నతల్లి ముఖం వేయలేక స్టూడియో గడప తొక్కాను.

ఆయన అమ్మ ఆధార్ ముఖాన్ని కత్తిరించి పట్టుచీర శరీరం మీద పెట్టాడు. ఆ ఆధార్ ఫొటోలో అమ్మ బెదిరిపోయి ఉంది. కళ్ళు ఆర్పొద్దని ఎవరో గద్దించినట్టున్నారు. ఆ బెదురు ముఖం కింద వడ్డాణం, చేతులకు అరడజను అరడజను గాజులు. మెడ దగ్గర నలుపు ఆగిపోయి గోధుమ రంగు మొదలైంది. "పరేషాన్ గాకుండ్రి, కలుపుత. మొకం జర తెల్లగ చేస్త," అన్నాడు. వద్దన్నాను. మళ్ళీ వస్తానని అబద్ధం చెప్పి బయటపడ్డాను. ఎండలో నిలబడి ఏడుపు ఆపుకోవడం నాకు చేతకాలేదు.

అలాంటి బొమ్మ మా ఇంట్లో ఒకటి అప్పటికే ఉంది. మా తాతది. నీలం సూటులో, ఎర్ర టైతో, గోడమీంచి అందరినీ అజమాయిషీ చేస్తూ ఉంటాడు. నేను ఎరిగినంతలో తాత పండక్కి కూడా నిండు చొక్కా వేసుకున్న మనిషి కాదు. భుజం మీద తుండుగుడ్డ, నడుముకు ధోతి, అంతే. చిన్నప్పుడు ఆ ఫొటో చూసి మా తాత ఎక్కడో ఆఫీసరుగా చేశాడని నమ్మి, బళ్ళో చెప్పుకుని నవ్వులపాలయ్యాను.

ఈ బట్టలు తొడిగే విద్య స్టూడియోవాళ్ళు కనిపెట్టింది కాదని నాకు వనపర్తిలో తెలిసింది.

వనపర్తిలో నేను చదివిన కాలేజీ ఒకప్పటి రాజమహల్లో నడిచేది. మెట్లెక్కి పైకి వెళితే ఒక పొడవాటి హాలు. అందులో నూనెరంగుల బొమ్మలు, మనిషి ఎత్తువి. మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని చెట్ల కిందికి పోతే నేను ఆ హాల్లో నిలబడి తినేదాన్ని. నాకు గురువులు వాళ్ళే. జీతం లేని గురువులు, తప్పు చేస్తే తిట్టని గురువులు.

మొదటి రాజు కత్తి పిడి మీద చెయ్యి వేసి, ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాడు. వెనక కుచ్చుల పరదా. పక్కన బల్ల, దాని మీద గడియారం, లావుపాటి పుస్తకం. ఆ పుస్తకం ఆయన ఏనాడూ తెరవలేదని నా అనుమానం. ఎంత ఎత్తుగా కనపడేవాడో! నేను పొట్టిదాన్ని కాబట్టి అలా ఉందేమో అనుకున్నాను. బొమ్మను చూసి బొమ్మ గీయడం మొదలుపెట్టాక కిటుకు దొరికింది. చూసేవాడి కన్ను రాజుగారి నడుము దగ్గర ఉండేలా గీశాడు చిత్రకారుడు. బల్ల, నేల, గడియారం అన్నీ ఆ లెక్కకే లోబడి ఉన్నాయి. ఎంత పొడుగువాడు వచ్చి నిలబడినా తల ఎత్తి చూడాల్సిందే.

రెండో రాజు ఆయన మనవడట. ఒకరోజు మనవడి చెయ్యి గీస్తూ గీస్తూ ఆగిపోయాను. ఈ చెయ్యి నేను ఇదివరకే గీశాను. అదే వేలికి అదే ఉంగరం, అదే నరం, మణికట్టు దగ్గర అదే మడత. కత్తి కూడా అదే. తల ఒక్కటే మార్చారు. పక్కున నవ్వాను. నీలం సూటులో మా తాత గుర్తొచ్చాడు. అప్పటినుంచి నాకొక అలవాటు పడింది. రాజుల బొమ్మల్లో మెడ కింద ఉన్నదంతా హోదాకు వదిలేసి, మనిషి కోసం మెడ పైన వెతికేదాన్ని. తాత రాజుకు కింది పెదవి కాస్త వేలాడుతుంది, ఇంకొంచెం వడ్డించమని అడగబోతున్నట్టు. మనవడు రాజుకు చిత్రకారుడి మీద నమ్మకం లేదు, ఒక కన్ను చిన్నది చేసి అతన్నే కనిపెట్టి చూస్తున్నాడు. ఎన్ని పరదాలు వేలాడదీసినా ఆ పెదవినీ ఆ కంటినీ దాచలేకపోయారు.

హాలు చివర రాణి ఉండేది. ఒంటరిగా. భర్త పోయాక సంస్థానాన్ని ఆమే ఏలిందని చెప్పేవారు. తెల్లచీర, సన్నటి జరీ అంచు. ఒంటి మీద నగ లేదు. వెనక పరదా లేదు, చీకటి గోడ ఒక్కటే. సింహం తలల చేతులున్న కుర్చీ. రాజులు కత్తి పట్టుకున్నారు, పుస్తకం మీద చెయ్యి పెట్టారు, ఈమె ఏమీ పట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి వేసుకుని, తల నిటారుగా పెట్టుకుని, సూటిగా మనల్నే చూస్తుంది. నేను బొమ్మలు వేసే మనిషినయ్యానంటే ఆమె చలవే. ఆమె చీర మీద చదరాలు చదరాలుగా మడతల గుర్తులు ఉండేవి. చిత్రకారుడు ఒక్కటీ వదలకుండా వేశాడు. కట్టిన చీర మళ్ళీ కట్టదు, ఎప్పటికప్పుడు కొత్తదే విప్పుతుంది, అది చాటడానికే ఆ మడతలని నా లెక్క.

ఒకసారి అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. సజ్జరొట్టెలూ, పల్లీలపొడీ గుడ్డలో మూటగట్టి, గద్వాలలో బస్సు మారి, అడుగుతూ అడుగుతూ కాలేజీ దాకా వచ్చింది. నా గురువుల్ని చూపిద్దామని పైకి తీసుకుపోయాను. మెట్ల మొదట్లోనే చెప్పులు విడిచింది, ఎంత వద్దన్నా వినలేదు. కత్తి పట్టుకున్న రాజు ముందు నిలబడి ఆయన పాదాల దిక్కే చూసింది.

"కాలు నొయ్యలేదా ఈయనకు, గంతసేపు నిలవడితె?" అంది.

రాణి దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయింది. దండం పెట్టింది. కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "పాపం, చీర ఎవ్వలనో అడిగి తెచ్చుకున్నట్టుంది బిడ్డా," అంది.

"రాణమ్మా ఆమె! రాణికేం గతి పట్టింది అడిగి తెచ్చుకోను?"

"మరి మడతలు పోలే సూడు. పెట్టెలకెల్లి తీసి కట్టుకొని గప్పుడే వొచ్చి కూసుంది. ఎంత నిమ్మళంగ కూసుందో సూడు, నలుగుతదేమోనని. మల్ల ఆ మడతల మీదనే మలిచి ఇచ్చెయ్యాలె గద."

నేను పడీ పడీ నవ్వాను. ఆమె కూడా నవ్వింది గానీ, మాట మార్చుకోలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఫొటో దిగాలంటే అంతే మరి. ఎవరింట్లో ఒక మంచి చీర ఉంటే దాన్ని అడిగి తెచ్చుకుని, స్టూడియో వెనక గదిలో కట్టుకుని, దిగగానే విప్పి, పాత మడతల మీదనే మడిచి సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేస్తారు. కొత్తగా విప్పిన మడత అంటే అమ్మకు తెలిసిన అర్థం అది ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో గద్వాలలో నాయినతో ఫొటో దిగినప్పుడు తనూ అలాగే మా పెద్దమ్మ చీర కట్టుకుంది. పెద్దమ్మ అంటే అమ్మకు స్వయానా అక్క. గద్వాలలోనే ఇచ్చారు ఆమెను. పెళ్ళికి పెట్టిన గద్వాల చీర, నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికినది, ఆమెకు అదొక్కటే ఉండేది. ఫొటో తీస్తున్నంతసేపూ పెద్దమ్మ పక్కనే నిలబడి "నలుపకు, నలుపకు" అంటూనే ఉందట. అమ్మ భయానికి ఊపిరి బిగబట్టి, తల నిటారుగా పెట్టుకుని నిలబడింది.

"ఈమె ఎంతసేపు కూసుంటదె గిట్ల?" అని అడిగింది అమ్మ, ఇంకా రాణినే చూస్తూ.

"బొమ్మ అయ్యేదాకా రోజూ వచ్చి కూర్చోవాలమ్మా."

"ఊకెనా?"

"ఊకెనే."

"చేతుల ఏం లేకుండ?" తన చేతుల వైపు చూసుకుంది. ఆమెకు ఆ సంగతి మిగతా అన్నింటికన్నా వింతగా తోచింది. "నాతోని గాదు బిడ్డా," అంది.

నిజంగానే ఆమెతో కాలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా అమ్మను కూర్చోబెట్టాలని చూసేదాన్ని. వాకిట్లో పీట వేసి, "కదలకుండా ఇటు చూడు," అనేదాన్ని. సరేనని కూర్చునేది. నేను పెన్సిల్ చెక్కుకునే లోపల ఆమె ఒళ్ళోకి చేటెడు పల్లికాయలు వచ్చేవి. ఎక్కణ్ణించి వచ్చేవో! టప్ టప్‌మని ఒలుస్తూ తల వంచేసేది. "అమ్మా, ఇటు!" అంటే ఒక్కసారి తల ఎత్తి, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ పల్లికాయల్లో పడిపోయేది. పల్లికాయలు లాక్కుంటే బియ్యంలో రాళ్ళు ఏరేది. అదీ లాక్కుంటే, "నువ్వు ఏసుకోయే, నేను కూసున్న గద," అంటూనే లేచి వెళ్ళి పొయ్యి ఊదేది.

చేలో అయితే చెప్పనే అక్కర్లేదు. మాది సీడు పత్తి, కౌలు భూమి. విత్తనం కోసం వేసే పత్తిలో ప్రతి పువ్వుకూ మనిషి చెయ్యి పడాలి. మాపటేళ మొగ్గను గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తు పెట్టాలి. పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దానికోసం అమ్మ బొటనవేలి గోరు పెంచుకునేది, పత్తి పసరుకు అది నల్లగా మారిపోయి ఉండేది. చెట్టు ఆమె నడుము ఎత్తు. తల వంచితే మళ్ళీ సాలు చివర్న గానీ ఎత్తేది కాదు. నేను గట్టు మీద కూర్చుని గీసేదాన్ని. గీసింది ఏమిటంటే పాపిట. నడినెత్తి. వంచిన మెడ, పక్కకు జారిన పుస్తెలతాడు. నల్లటి ఆ గోరు. నా దగ్గర ఇలాంటి కాగితాలు కట్టలు కట్టలు ఉన్నాయి. అమ్మ పాపిట నల్లగా ఉన్నప్పటినుంచి, పక్కలు నెరిసి, చివరికి తెల్లటి దారిలా అయ్యేదాకా అన్నీ ఉన్నాయి. ముఖం ఒక్కదాంట్లోనూ లేదు.

ఫోన్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. ఫొటోకని నేను ఫోను ఎత్తగానే అమ్మ కొంగు ఎత్తేది. ఉన్నవన్నీ కొంగుతో మూసిన ముఖాలూ, పక్కకు తిప్పిన ముఖాలూ. పెద్దమ్మ చీరలో దిగిన ఆ ఫొటో ఒక్కటుంటే చాలు, కానీ ఒక వానాకాలం గోడ చెమ్మెక్కి అది అద్దానికి అంటుకుపోయింది. నాయిన మెల్లగా విడదీయబోతే తన ముఖం కాగితం మీద మిగిలింది, అమ్మ ముఖం అద్దంతో పోయింది. చీర మాత్రం చెక్కుచెదరకుండా ఉంది, మడతలతో సహా.

జ్వరమని గద్వాల దవాఖానకు తీసుకుపోయాం. తెల్లారి మాట్లాడింది, సాయంత్రం మాట్లాడలేదు. పాడె మీద పడుకోబెట్టినప్పుడు అమ్మ ముఖం ఆకాశం వైపే ఉంది. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు, పంపమంటావా అని తర్వాత అడిగారు. వద్దన్నాను. నాకు ఆ ముఖం వద్దు.

ముఖం గుర్తు తెచ్చుకోలేకపోవడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు, ఇంకా పత్తి వేయకముందు, అమ్మా నాయినా పూణె దిక్కు పనికి పోయేవాళ్ళు. నన్ను పెద్దమ్మ దగ్గర గద్వాలలో వదిలేవాళ్ళు. వాళ్ళు పోయిన కొన్నాళ్ళకు అమ్మ ముఖం చెరిగిపోయేది. కళ్ళు మూసుకుని కొంగు తెచ్చుకునేదాన్ని, గొంతు తెచ్చుకునేదాన్ని, ముఖం మాత్రం వచ్చేది కాదు. వాళ్ళు తిరిగొచ్చే రోజు పెద్దమ్మ నన్ను బస్టాండుకు తీసుకుపోయేది. అమ్మ నెత్తిన మూటతో బస్సు దిగి, తల ఎత్తి జనంలో వెతికేది. ఆ వెతికేది నన్నే. అమ్మ తల ఎత్తి ఉండగా నేను చూసింది ఆ కాసేపే. నన్ను చూడగానే మూట కింద పడేసి నా మీదికి వంగేది. ఆ తల ఎటు తిరిగి ఆగిందో ఇప్పటికీ చెప్పగలను, ఆ ముఖం ఎలా ఉండేదో చెప్పలేను. ఎంత ఆశగా ఉంటుందంటే, ఇప్పటికీ గద్వాల బస్టాండులో బస్సు మారేటప్పుడు దిగేవాళ్ళ వంక చూస్తాను.

స్టూడియో నుంచి వచ్చాక పంతం పట్టాను. అమ్మను రాణిలాగే వేస్తాను. సింహాల కుర్చీ, చీకటి గోడ, సూటిగా చూపు. జీవితమంతా వంచిన తల ఒక్కసారన్నా ఎత్తి కూర్చోబెడతాను. ఈ మాట చెప్పగానే పెద్దమ్మ గద్వాల నుంచి బస్సెక్కి నాగర్‌కర్నూల్ వచ్చేసింది. చంకలో గుడ్డసంచి. అందులో ఆ చీర. జరీ కాస్త నల్లబడింది, అంచు రంగు మాత్రం అలాగే ఉంది.

"దీన్నే కట్టియ్యాలె నా చెల్లెకు," అంది. "గప్పుడు పొద్దుమీకకముందే వాపస్ తీసుకున్న. గిప్పుడు ఉంచుకోమను."

అంతటితో ఊరుకుందా, తనే ఆ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. "నేను కూసుంట, నువ్వు మీ అమ్మను ఎయ్యి. ఒక్క తల్లి పిల్లలమే గద." ఊరికే కూర్చోవడంలో పెద్దమ్మను మించినవాళ్ళు లేరు. గడ్డం ఎత్తి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఈగ వాలినా కదలకుండా కూర్చుంది. "నీకు రాజ్యం ఇచ్చి ఉంటే బాగుండేది పెద్దమ్మా," అంటే, "ఇయ్యకపోతిరి మరి," అంది. ముఖానికి ఆధార్ ఫొటోలోంచి కొంత తీసుకున్నాను, పెద్దమ్మ దవడలోంచి కొంత. మిగతాది నా చేతికి వదిలేశాను. రాణిని అన్నిసార్లు గీసిన చెయ్యి కదా, దానికి దారి తెలుసు. బొమ్మ చాలా బాగా వచ్చింది. నేను వేసిన వాటన్నిటిలోకీ అదే బాగుంటుంది, ఇప్పటికీ అదే మాట.

రంగులు ఆరగానే ఊరికి పట్టుకెళ్ళాను. నాయిన చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తుండుతో చేతులు తుడుచుకుని, దగ్గరికి వచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికి వచ్చి చూశాడు.

"మంచిగేసినవ్ బిడ్డా," అన్నాడు. "రాజమాత లెక్కనే ఉంది. యా ఊరి రాణి?"

నేను ఎప్పుడూ వేసేవి రాజులూ రాణులే కాబట్టి ఇదీ వాళ్ళలో ఒకరనుకున్నాడు. చెంబు పక్కన పెడుతూ ఆయనే మళ్ళీ అడిగాడు. "మీ అమ్మది ఎప్పుడు మొదలువెడ్తవ్? దినం దగ్గరికొచ్చె గద."

చెప్పడానికి ధైర్యం చాలలేదు. బొమ్మను గోడవైపు తిప్పేసి, "నాయినా, అమ్మ ముఖం ఎట్లుండేది?" అని అడిగాను.

ఆయన ఆలోచించాడు. "ఏం చెప్పాలె? నా దిక్కు గూడ సక్కగ సూసిందా ఎప్పుడన్న? బువ్వ వెడ్తె పళ్ళెం దిక్కు సూస్తుండె. చేన్ల మొగ్గ దిక్కు సూస్తుండె. పాపిట జూపియ్, ఊర్ల ఆడోళ్ళందర్ల నిలవెట్టినా మీ అమ్మను పట్టిస్త. మొకం అంటె..." అని ఆగి, "ఏమో బిడ్డా, నాకు తెల్వదు," అన్నాడు. ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమయిందో చూశాను. పెళ్ళాం ముఖం చెప్పలేని మనిషిని నేనేమంటాను, నాకే తెలియదు.

నాగర్‌కర్నూల్ వెళ్ళి కాగితాల కట్టలు విప్పాను. ఈసారి ఎవరినీ కూర్చోబెట్టలేదు. అమ్మను పీట మీద కూర్చోబెట్టి, పెద్దమ్మ చీరే కట్టాను, రాణి చీర మీద ఉన్నట్టే మడతలు ఒక్కొక్కటీ వేశాను. వెనక రాణిగారి చీకటి గోడే. తల మాత్రం ఎప్పుడూ ఉన్నట్టే వంచే ఉంది. తెల్లటి పాపిట, జుట్టు అంచు కింద ముక్కు కొన, అంతవరకే కనపడుతుంది. ఒళ్ళో చేట, చేటలో పల్లికాయలు, కాయను నొక్కుతున్న నల్లటి గోరు. ఈ బొమ్మకు రాజుల కంటి లెక్క పనికిరాలేదు. పాపిట కనపడాలంటే చూసేవాళ్ళు నిలబడి ఉండాలి, అమ్మ కింద కూర్చుని ఉండాలి. అలా వేస్తే చిన్నదైపోతుందేమోనని భయమేసింది. అందుకని బొమ్మ నిండా ఆమే ఉండేలా వేశాను, చుట్టూ నాలుగు వేళ్ళ గోడ కూడా వదల్లేదు. అన్నీ అయ్యాక జరీ అంచు మీద రెండు మూడు పల్లిపొట్టు ముక్కలు పెట్టాను. చీర ఇప్పుడు ఆమెదే కదా, నలిగితే నలగనీ అనుకున్నాను.

సంవత్సరీకం నాడు వంటలు అయ్యాయి. సజ్జరొట్టె, గోంగూర పప్పు, ఎల్లిపాయ కారం, అన్నీ అమ్మకు నచ్చేవి. చుట్టాలంతా చాపల మీద కూర్చున్నారు. అద్దం కట్టించిన బొమ్మను గోడకు ఆనించి, కప్పిన దుప్పటి తీశాను. వెనకనుంచి ఒకామె, "మొకం యాడుంది?" అంది. ఇంకొకామె, "టీచరమ్మ అయ్యి, ఉన్న ఒక్క తల్లిది గూడ సక్కగ ఎయ్యకపాయె," అంది. వినపడాలనే అంది. వాళ్ళు అడిగిందే నేనూ ఏడాదిగా అడుగుతున్నాను.

గుంజకు ఆనుకుని కూర్చున్న నాయిన, "ఆమెనే," అన్నాడు. తుండు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దమ్మ కుంకుమ పళ్ళెం పట్టుకుని లేచింది. బొట్టు ఎక్కడ పెట్టాలో నేను ఆలోచించలేదు. బొమ్మలో నుదురు లేదు. పెద్దమ్మ దగ్గరికి పోయి, ముందు చీర చూసింది. అంచు మీద పల్లిపొట్టు చూసింది. "నలుపుకున్నవా తల్లీ," అంది మెల్లగా, బొమ్మతోనే. తర్వాత వేలు తడిచేసి కుంకుమలో అద్ది, అద్దం మీదికి చెయ్యి చాపింది. చెయ్యి పాపిట దాకా పోయి ఆగింది. కిందికి జరిగింది. నుదురు కోసం వెతికింది. ఇంట్లో అందరూ ఆ వేలినే చూస్తున్నారు. ఇప్పుడు నా వైపు తిరుగుతుంది, నలుగురిలో అడిగేస్తుంది అనుకున్నాను.

ఆమె నా వైపు చూడనే లేదు. బొమ్మ ముందు మోకాళ్ళ మీద వంగింది. చిన్నపిల్లకు జడ వేసేటప్పుడు అడిగినట్టు అడిగింది.

"చెల్లే, జర తల పైకెత్తు. బొట్టు వెడ్త."

వేలు అద్దానికి ఆనకుండా అలాగే ఆగి ఉంది. నాయిన గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ముఖం ఎక్కడని అడిగిన ఆమె కూడా చాప మీదనుంచి ముందుకు వంగింది. ఎవరం కదలలేదు. అమ్మ తల ఎత్తుతుందేమోనని అందరం చూస్తూ ఉన్నాం.